ఐసు పెట్టి పెంచిన చెట్టు

నాన్న పెద్దకర్మ అయ్యాక పిన్ని తన ఫ్లాటుకి వెళ్లిపోతూ, "రైలెక్కీ ముందు ఓ పూట మోవా వొచ్చి, నా సేతి కూడు తినీసి ఎల్లు" అని చెప్పింది. చెప్పినట్టే రాయ్‌పూర్ శివార్లలోని ఆ మోవాకి వెళ్లాను. ఆటో దిగి వాళ్ల అపార్ట్‌మెంటు గేటులో అడుగు పెట్టేసరికి తోటమాలి పెద్ద కత్తెరతో గోడవార మొక్కల్ని సమంగా కత్తిరిస్తున్నాడు. నడుమెత్తున పెరిగిన మోర్‌పంఖి మొక్కలు, విసనకర్రలు నిలబెట్టినట్టు గుబురుగా ఉన్నాయి. తెగిన ఆకుల వాసన గుప్పున ముక్కుకి తగిలింది. మామిడికాయ జీడిలో కాస్త కర్పూరం నలిపి కలిపితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. నాకు చెట్లంటే పెద్ద ప్రేమేమీ లేదు, ఉన్నట్టు నటించడమూ చేతకాదు. విశాఖలో నా బాల్కనీలో తులసి కూడా బతకదు. కానీ ఆ వాసన తగిలితే మాత్రం ఇప్పటికీ అడుగు ముందుకి పడదు. నలభై దగ్గరపడుతున్న మనిషిని, గేటు దగ్గర వంగి, ఒక రెమ్మ పట్టుకుని పచ్చగానే ఉందా అని తిప్పి తిప్పి చూశాను. ఏం పోగొట్టుకున్నారు మేడమ్ అని తోటమాలి హిందీలో అడిగాడు. ఏం లేదని చెప్పి లిఫ్టు వైపు నడిచాను.

మేం పెరిగింది రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో. నాన్న వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మా వరసలో చాలానే ఉండేవి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, ఎదురు క్వార్టరు సాహు ఆంటీతో వచ్చీరాని ఛత్తీస్‌గఢీ. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా ఊరు రాజధాని అయిందని అందరూ మురిసిపోతుంటే, మా అమ్మ మాత్రం మసి ఎక్కువైందని కార్ఖానాల వాళ్లని తిట్టుకుంటూ తిరిగేది. ఆ కార్ఖానాలుండే భన్‌పురి వైపు నుంచి గాలి తిరిగితే చాలు, ఆరేసిన బట్టల మీద, పెరట్లో మంచాల మీద, ఊరగాయ జాడీకి కట్టిన గుడ్డ మీద నల్లటి పొడి పరుచుకునేది. మామ్మ, అంటే నాన్న తల్లి, అందరికంటే ముందు లేచి గంజి పులిసే తరవాణి కుండ మూత తీసి వాసన చూసేది. ఆ పులుపు వాసన, పక్కనే గోనెసంచి తడిసిన వాసన, కూలర్లో వట్టివేళ్ల వాసన, ఈ మూడూ కలిస్తే అది మా ఇల్లు. తరవాణి అన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ తింటుంటే సాహు ఆంటీ గోడ మీంచి చూసి, మా బాసీ అన్నం మీరూ తింటారే అని నవ్వేది. ఇది వాళ్లది కాదు మాది అని మామ్మ నాతో చెప్పమనేది. నేను చెప్పేదాన్ని కాదు.

ఆ ఇంట్లోకి ఆ మొక్కని తెచ్చింది మా చిన్నాన్న, నాన్న తమ్ముడు. మంచు కొండల్లో రోడ్లు వేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో బుల్‌డోజరు నడిపేవాడు. ఏడాదికోసారి చలికాలంలో సెలవు మీద వచ్చేవాడు. పెళ్లయి పిన్నిని మా ఇంట్లోనే వదిలి వెళ్లాక మొదటిసారి వచ్చినప్పుడు, భార్యకి శాలువా తెస్తాడేమోనని మేమంతా ఎదురు చూస్తుంటే, పాలపొడి డబ్బాలో జానెడు మొక్కని ఒళ్లో పెట్టుకుని రిక్షా దిగాడు. అక్కడ ఆఫీసర్ల బంగళాలకి ప్రహరీగోడలు ఉండవట, చుట్టూ ఈ మొక్కలే ఒత్తుగా వేసి గోడలా కత్తిరిస్తారట. "నెలల తరబడి దీని మీద మంచు పడిపోయి ఉంటాదమ్మా. మిగతా చెట్లన్నీ మోడులైపోతాయి. ఇది మటుకు మంచు ఇదిల్చీసుకుని పచ్చగా నిలబడతాది" అని మామ్మకి చెప్పాడు. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. అప్పటికి ఆవిడకి ఇరవై రెండేళ్లుంటాయేమో. పెరట్లో దాన్ని నాటుతూ పిన్నిని పిలిచి, కొసలు మాత్రమే తుంచాలి, లోపలి గోధుమరంగు కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు అని చూపించాడు. పిన్ని తల ఊపింది. మా ముందు ఇద్దరూ అంతకంటే దగ్గరగా నిలబడటం నేను చూడలేదు.

సాహు ఆంటీ ఒకరోజు వచ్చి చూసి, "ఏ తో మోర్‌పంఖి ఆయ్ బహినీ" అంది. ఇది మోర్‌పంఖే కదమ్మా, ప్రతి ఇంటి ముందూ ఉండేదే, ఇందులో వింతేముంది అని. మామ్మకి కోపం వచ్చింది. మీ మోర్‌పంఖి ఎండలో పుట్టింది, మా వాడు తెచ్చింది మంచులో పుట్టింది, రెండూ ఒకటెలా అవుతాయి అని నా చేత హిందీలో చెప్పించింది. ఆ మాట నిజమే. దాని ఆకు ఇక్కడి మోర్‌పంఖి కంటే మెత్తగా, కాస్త ముదురు పచ్చగా ఉండేది. వరసకి ఒకే కుటుంబమైనా ఇది చలిదేశాల కంచెమొక్క అని చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. ఆ మొదటి ఎండాకాలం దాని మీద గోనెసంచి పందిరి వేశాం. కూలరు కింద కారే నీళ్లు దాని మొదట్లో పడేలా నాన్న రబ్బరు గొట్టం తగిలించాడు. ఆకుల మీద మసి పేరుకుంటే పిన్ని తడిగుడ్డతో రోజూ తుడిచేది, పసిపిల్ల మొహం తుడిచినట్టు. మొక్క బతికింది. చిన్నాన్న ఫోన్ చేసినప్పుడల్లా పిన్ని మాట్లాడేది ఒక్క ఆ మొక్క సంగతే. పక్కన మేమందరం నిలబడి ఉంటే ఇంకేం మాట్లాడుతుంది పాపం.

వానలు మొదలయ్యాక ఫోన్ వచ్చింది. అక్కడ కొండ చరియ విరిగి రోడ్డు మీద పడింది, డోజరు లోయలో నదిలోకి పోయింది, మనిషి దొరకలేదు. నాన్న వెళ్లి చాలా రోజులు అక్కడే ఉండి, గడ్డం మాసిపోయి తిరిగొచ్చాడు. చిన్నాన్న చెప్పు కూడా కనిపించలేదని చెప్పాడు. కంపెనీ వాళ్లు పోయాడనే అంటున్నారు, మనం ఒప్పుకోవాలంతే అన్నాడు. మామ్మ ఒప్పుకోలేదు. దేహం దొరకని వాళ్లకి దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మా వైపు ఉంది. పురోహితుడు ఆ మాట ఎత్తేసరికి మామ్మ లేచి పెరట్లోకి వెళ్లి ఆ మొక్క పక్కన కూర్చుంది. "నా కొడుకు సేత్తో నాటింది. ఇది పచ్చగా ఉన్నాదంటే ఆడు ఉన్నాడు. ఇది ఎండినాక నాకు సెప్పండి, అప్పుడు నాను ఏడుత్తాను. అందాకా పార్వతి బొట్టు మీద ఎవులైనా సెయ్యి ఏసినారో, ఊరుకోను." పార్వతి మా పిన్ని. అలా తీర్పు అయిపోయింది. పిన్నిని తీసుకుపోదామని ఆవిడ అన్నయ్య ఊరి నుంచి వచ్చాడు. ఇంకా చిన్నపిల్ల, కొన్నాళ్లు పోయాక మళ్లీ ఎవరినైనా చూస్తాం అని నాన్నతో మెల్లగా అన్నాడు. ఏమని చూస్తారు? మామ్మ లెక్కలో మొగుడు ఉన్న మనిషికి సంబంధం చూస్తారా? వచ్చినాయన టీ తాగి వెళ్లిపోయాడు. పిన్ని లోపల బియ్యం ఏరుతోంది.

ఆ రోజు నుంచి మా ఇల్లు మొత్తం ఆ మొక్క చుట్టూ తిరిగింది. పొద్దున్నే మామ్మ టీ గ్లాసుతో పెరట్లోకి వెళ్లి, ఒక ఆకు తుంచి, నలిపి వాసన చూసి, "ఉన్నాడు" అనేది. అంతే, ఆ ఒక్క మాట. అది వినబడ్డాకే అమ్మ పొయ్యి వెలిగించేది, నాన్న సైకిల్ తీసేవాడు. నేను దుప్పట్లో కళ్లు మూసుకుని ఆ మాట కోసం ఎదురు చూసేదాన్ని. మామ్మ ఒక్కరోజు ఆ మాట అనకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా వరసలో ఒకావిడకి గాజులు పగలగొట్టడం చూశాను. పిన్నికి అలా చేస్తారని, చేసేది మా వాళ్లేనని, ఆ గాజు ముక్కలు మా పెరట్లోనే పడతాయని భయం. అందుకని బడి నుంచి రాగానే పుస్తకాల సంచి కూడా దింపకుండా మొక్క దగ్గరికి పరిగెత్తేదాన్ని. పిన్ని అప్పటికే అక్కడ ఆకులు తుడుస్తూ ఉండేది. రెండు చేతులనిండా ఆకుపచ్చ గాజులు, నుదుట ఎర్ర బొట్టు, తలలో పూలు. మామ్మ రోజూ దగ్గర కూర్చుని పెట్టించేది. గాజులు చప్పుడు చేస్తాయని పిన్ని మెల్లగా నడిచేది.

రెండో ఎండాకాలం నిప్పులు చెరిగింది. మొక్క కొసలు కాస్త ఎర్రబారాయి. నాన్నకి పిచ్చెక్కినంత పనైంది. మంచులో పుట్టిన దానికి మంచే మందు అని ఆయనకి ఎక్కడి నుంచి తట్టిందో గానీ, భన్‌పురిలో ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి దిమ్మ కొని, గోనెసంచిలో ఊకతో చుట్టి, సైకిల్ క్యారియరు మీద కట్టుకుని తెచ్చేవాడు. దారంతా నీళ్లు కారుతూ, చొక్కా వీపంతా తడిసి, ఇంటికొచ్చేసరికి దిమ్మ సగమయ్యేది. దాన్ని సుత్తితో కొట్టి ముక్కలు మొక్క మొదట్లో చుట్టూ పేర్చి, పైన మళ్లీ గోనె కప్పేవాడు. రోజూ అదే పని. మాకు తాగడానికి ఒక ముక్క కూడా ఇచ్చేవాడు కాదు. నేను ఒకసారి దొంగతనంగా ఒకటి నోట్లో వేసుకుంటే పిన్ని చూసి నవ్వింది, ఆ ఎండాకాలంలో ఆవిడ నవ్వడం అదొక్కసారే. ఆదివారాలు నాన్న టాటీబంధ్ లారీ అడ్డాకి వెళ్లి, ఉత్తరాది నంబర్లున్న లారీల దగ్గర నిలబడి, ఆ కొండల వైపు వెళ్తారా, ఇలాంటి మనిషి కనిపించాడా అని డ్రైవర్లని అడిగేవాడు. తిరిగొచ్చి, నేరుగా పోయి ఐసు మీద గోనె సర్దేవాడు. తమ్ముడి కోసం ఆయన చేయగలిగింది అదొక్కటే మిగిలింది. ఆ కష్టం చూసి మొక్క కూడా తేరుకున్నట్టే కనిపించింది. ఎర్రబారిన కొసలు పిన్ని తుంచేసింది, మిగిలింది పచ్చగా ఉంది.

దీని తోడుకి ఇంకొన్ని ఉంటే మంచిదని నాన్న అంతకు ముందు చలికాలంలోనే కొన్ని కొమ్మలు తుంచి ఇసుక డబ్బాల్లో గుచ్చాడు. అవి నెలలపాటు పచ్చగా నిలబడ్డాయి. పాతుకున్నాయని సంబరపడి, వరసగా కంచె కడదామనుకున్నాం. వేసవి ముందు నేలలో నాటుదామని పిన్ని ఒక్కొక్కటీ పైకి తీస్తే ఒక్కదానికీ వేరు లేదు. కింద నల్లగా నున్నటి పుల్ల, పైన పచ్చటి ఆకు. "ఇదేటే, సచ్చిపోయి కూడా ఇంత పచ్చగా ఉంది" అని పిన్ని వాటిని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నాన్న విసుక్కుని డబ్బాలు బోర్లించాడు. ఆ సంగతి నేను అప్పుడే మర్చిపోయాను, పిన్ని మర్చిపోలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మా పెరడు నల్లరేగడి, ఒకసారి తడిస్తే వారాలు జిగటగానే ఉండేది. గాలివానకి మొక్క కాస్త ఒరిగితే పిన్ని నిలబెట్టి చుట్టూ ఇటుకలు పేర్చింది. ఆ రోజుల్లోనే మామ్మ మంచం పట్టింది. ఇక పెరట్లోకి నడవలేకపోయేది కాబట్టి పొద్దున్నే పిన్ని ఒక రెమ్మ తెచ్చి చేతిలో పెట్టేది. మామ్మ దాన్ని నలిపే ఓపిక లేక ముక్కు దగ్గర పెట్టుకుని, "ఉన్నాడేటే?" అని అడిగేది. "ఉన్నాడత్తా" అనేది పిన్ని. దసరా అయింది, దీపావళి అయింది, చలి మొదలైంది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మార్గశిరంలో ఒక పొద్దున పిడికిట్లో రెమ్మతోనే మామ్మ వెళ్లిపోయింది. ఆ పిడికిలి ఎవరూ విప్పలేదు, అలాగే తీసుకెళ్లారు. ఆ తర్వాత పది పదిహేను రోజులకే మొక్క రంగు మారింది. లోపలి నుంచి మొదలై, తుప్పు పట్టినట్టు కొసల దాకా పాకింది. మామ్మ చెప్పినట్టే జరిగిందని, తల్లి వెంట కొడుకు వెళ్లిపోయాడని వరసలో అందరూ చెప్పుకున్నారు. నది ఒడ్డున మహాదేవ్‌ఘాట్ దగ్గర దర్భల బొమ్మకి దహనం చేశారు. నాన్న నేల మీద పడి ఏడ్చాడు. నేను భయపడినట్టే పిన్ని గాజులు పోయాయి. కానీ పిన్ని కంట్లో చుక్క నీరు రాలేదు. బంధువుల్లో ఒకావిడ, రాయి లాంటి మనిషి అంది. మా అమ్మ కూడా ఆ మాటకి అడ్డు చెప్పలేదు.

తర్వాత పిన్ని పుట్టింటికి వెళ్లలేదు. అన్న చూస్తానన్న సంబంధం మాట మళ్లీ రాలేదు. మోవాలో ఒక బట్టల కొట్టుకి స్కూలు యూనిఫారాలు కుట్టింది, తర్వాత సొంతంగా మెషిన్లు పెట్టుకుంది, ఆ చిన్న ఫ్లాటు కొనుక్కుంది. నాన్న రిటైరయ్యాక ఇంటికి ఎవరొచ్చినా ఆ చెట్టు కథ చెప్పేవాడు. ఎంత ఎండకైనా ఐసు పెట్టి బతికించాను, మా అమ్మ ఉన్నంతకాలం దాన్ని పోనివ్వలేదు అని. ఆయన జీవితంలో గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే. చెబుతున్నప్పుడు పిన్ని అక్కడ ఉంటే, "అవును, బావగారు శానా కష్టపడినారు" అనేది.

పిన్ని ఇంట్లో అన్నం తింటూ, కింద కంచె కత్తిరిస్తున్నారని, ఆ వాసనకి ప్రాణం అదోలా అయిందని చెప్పాను. ఆవిడ వడ్డించడం ఆపింది.

"మొన్న వాటిలో ఒకటి ఎండిపోతే పీకీసి, అదే రోజు కొత్తది పెట్టీసినాడు ఆ మాలీ. ఎవులికీ ఏ దుఃఖమూ లేదు" అంది. గరిటె కింద పెట్టి, "నీకొక మాట సెప్పాలి. మీ నాన్న ఉన్నంతకాలం సెప్పలేకపోనాను" అంది.

చెప్పు పిన్నీ అన్నాను.

"మీ మామ్మ పోయినాక సావలేదమ్మా ఆ సెట్టు. శ్రావణంలోనే పోనాది. గాలికి ఒరిగితే నిలబెడదామని పట్టుకున్నాను. సేతిలోకి వొచ్చీసినాది, మొత్తం. వేరు లేదు, అంతా కుళ్లి నల్లగా, కంపు. ఎండాకాలమంతా ఐసు నీళ్లు, ఆపైన వాన. కొండ మీద నీళ్లు జారిపోతాయి, మన పెరట్లో ఎక్కడికి పోతాయి?"

మరి అంతకాలం పచ్చగా ఎలా ఉంది అని అడిగాను, సమాధానం నాకు గుర్తుకొస్తూ ఉండగానే.

"ఆ ఇసుక డబ్బాల్లో పుల్లలు ఎలగ ఉన్నాయో అలగే. మళ్లీ మట్టిలో గుచ్చీసి, పడిపోకుండా ఇటికలు పెట్టినాను. అప్పటికే మీ మామ్మకి బాగోలేదు. ఆవిడ ఉన్నన్నాళ్లు ఇది పచ్చగా ఉంటే సాలు భగవంతుడా అనుకున్నాను. ఉన్నాది."

"నాన్నకైనా చెప్పొచ్చు కదా. ఇరవై ఏళ్లు పిన్నీ."

"ఏమని సెప్పను? మీ ఐసే సంపీసింది బావగారూ, అని సెప్పనా? తమ్ముడు కోసం ఎండలో దిమ్మ మోసినాడు. ఆ మనిషికి అదొక్కటే మిగిలినాది, దాన్నీ లాగీసుకోనా?"

నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బహుశా నాన్న తరఫున వచ్చి ఉంటుంది. లేదా ఆ రోజుల్లో దుప్పట్లో ముడుచుకుని ఆ ఒక్క మాట కోసం ఎదురు చూసిన నా తరఫున. ఇప్పుడైతే మనిషి తప్పిపోతే ఫోను ఎక్కడుందో చూస్తారు, రక్తం తీసి పరీక్ష చేస్తారు, అవునో కాదో తేల్చేస్తారు. మాకు తేల్చడానికి జానెడు మొక్క తప్ప ఇంకేమీ లేదు. అదేమో పైకి పచ్చగా నిలబడి మా అందరికీ అబద్ధం చెప్పింది. విశాఖ తిరిగొచ్చాక కూడా రోడ్డు పక్కన గుబురుగా కనిపించే ప్రతి చెట్టుకీ కింద వేరు ఉందా అనే అనుమానం నన్ను వదలడం లేదు. నవ్వుతూ మాట్లాడే మనుషుల్ని చూసినా అదే అనుమానం.

ఆ రోజు కోపంలోనే అడిగేశాను. "మరి దహనం రోజున ఎందుకు ఏడవలేదు నువ్వు? అందరూ నిన్ను ఎంతమాట అన్నారో తెలుసా?"

పిన్ని నా కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది. "తెలుసు. మీయమ్మ ఊరుకున్నాదనీ తెలుసు. శ్రావణం నుంచి మార్గశిరం దాకా ఆ ఇంట్లో మీ అందరికీ ఆయన ఉన్నాడమ్మా. నాకొక్కదానికే పోనాడు. పొద్దున్నే మీ మామ్మ దగ్గర కూర్చుని బొట్టు పెట్టించుకుని, ఉన్నాడత్తా అని సెప్పి, పెరట్లోకి ఎల్లి కుళాయి ఇప్పీసి ఏడ్చీదాన్ని. మీరంతా ఏడ్చిన రోజుకి నా ఏడుపు అయిపోనాది."